ముప్పై ఏడు డిగ్రీలు

నవంబరు 25, సోమవారం

ఈ రోజు ట్రయల్ మొదలైంది. ఇరవై నాలుగు పంది పిల్లలు. నెల వయసు. నిన్ననే తల్లుల దగ్గర్నుంచి విడదీశారు. ఏ గదిలో పన్నెండు, బి గదిలో పన్నెండు. ఏ గదికి పొద్దుటి మేతలో ప్రోబయోటిక్ పొడి కలుపుతాం. బి గదికి ఉత్త మేత. నాలుగు వారాలు, సోమవారం సోమవారం తూచి చూస్తాం.

పాలు మానిన మొదటి వారాల్లోనే ఈ పిల్లలు విరేచనాలతో పారుకొని పోతాయట. తల్లి పాలు ఆగి పిండి మేత మొదలయ్యేసరికి పేగుల్లో మంచి క్రిములు తగ్గి చెడ్డవి పెరుగుతాయి. యాంటీబయాటిక్ లేకుండా ఆ మంచి క్రిములనే, బతికున్నవాటినే, పొడిగా చేసి తినిపిస్తే? అదీ చూడాలనుకుంటున్నది. బీఎస్సీలో మూడేళ్ళు ఈ క్రిముల పేర్లు బట్టీ పట్టాను. పందిని మాత్రం ఇవాళే దగ్గర్నుంచి చూశాను. కనురెప్పలకు తెల్లటి వెంట్రుకలున్నాయి.

ఫారం రాజాం దాటాక పది కిలోమీటర్లు. కొండబాబు గారిది. వరి మానేసి పందులు పెట్టినందుకు ఆయన సొంత బావే ఇంట్లో మంచినీళ్ళు ముట్టడం లేదని నవ్వుతూ చెప్పారు. పొడి కంపెనీ నుంచి మోహనకృష్ణ సార్ కారులో వచ్చి, తొమ్మిది గంటలకు తన చేత్తోనే మేత అంబలిలో మొదటి ప్యాకెట్ కలిపారు. థర్మామీటరు ముంచి నాకు చూపించారు. 37. నలభై దాటితే పొడిలో ఉన్నవన్నీ చచ్చిపోతాయి, రిజిస్టర్‌లో ఈ కాలమ్ చాలా ముఖ్యం అన్నారు. ఇదంతా నాకు ఇంగ్లీషులో చెప్పారు. మేత వండి పెట్టే గున్నమ్మ గరిట పట్టుకొని పక్కనే నిలబడింది. ఆవిడకు తెలుగులో చెప్పింది ఒక్కటే: రోజుకో ప్యాకెట్, ఏ గదికి మాత్రమే, మరిచిపోకు.

నా చేతిరాత బాగుందన్నారు. కాన్వెంటా అని అడిగారు. తల ఊపాను.

నవంబరు 26

థర్మామీటరు పాడైంది. గేటు దగ్గర బూట్లు ముంచే సున్నపు నీళ్ళ తొట్టెలో పడింది. నా చేతిలోంచే. తీసి తుడిచి ఎండలో పెట్టాను. అంకెలు రాలేదు.

సార్‌కి ఫోన్ చేయాలి. నాకు ఫోన్ చేయడం రాదు. నొక్కడం వచ్చు, అవతల ఎత్తాక ఏమనాలో రాదు. రేపు చేస్తాను.

ఇంకో సంగతి. పొద్దుటి మేత ఆరింటికి. బొబ్బిలి నుంచి నేనెక్కే బస్సు ఎనిమిదింటికి గాని నన్ను ఇక్కడ దించదు. కాబట్టి థర్మామీటరు ఉన్నా నేను చూడలేను. గున్నమ్మను అడిగాను, అంబలి గోరువెచ్చగానే ఉందా అని. ఏలెట్టి సూసినాను పంతులమ్మా, గోరెచ్చగే ఉన్నాది అంది.

37 అని రాశాను.

నవంబరు 27

చేయలేదు. 37.

నవంబరు 30, శనివారం

అమ్మ వీధిలో అందరికీ నేను రాజాంలో ల్యాబ్‌లో పని చేస్తున్నానని చెప్పింది. అబద్ధం కాదు అంటుంది. సాయంత్రం వచ్చేసరికి పెరట్లో రెండు బకెట్ల నీళ్ళు, పాత చీర అడ్డం. స్నానం అయ్యాకే గడప. చలికి పళ్ళు కొట్టుకుంటాయి. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది. పుస్తకం పెట్టుకోవడానికి వీలుగానే ఉంది గాని, నాలుగు రోజులుగా అదే పేజీ.

గున్నమ్మది కళింగపట్నం. మొగుడు సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదట. చేపలు ఎండబెట్టుకొని బతికింది. తరవాత పదేళ్ళు రాజాంలో కాలేజీ హాస్టల్ వంట. ఇప్పుడు నాలుగేళ్ళుగా ఇక్కడ. మేతబస్తాల గది వెనక చిన్న గదిలో ఉంటుంది. కూతురు దేవి కళింగపట్నంలోనే ఉంది. ఎందుకు వెళ్ళవని అడిగితే, ఎల్తే అరుగు మీద సోటిస్తాడు మా అల్లుడు, మా మంచోడు, కుక్కని కొంచెం జరగమంటాడు అంది. నవ్వాలో మానాలో తెలియలేదు. ఆవిడే నవ్వింది.

పిల్లలకు పేర్లు పెడుతోంది. పెట్టకూడదు, నంబర్లున్నాయి. ఏ గదిలో ఏడో నంబరు అన్నిటికన్నా చిన్నది, చెవి మీద నల్ల మచ్చ. దాన్ని బుడ్డోడు అంటుంది.

37.

డిసెంబరు 2, సోమవారం

మొదటి వారం బరువులు. ఏ గది సగటు 8.1 కిలోలు. బి గది 8.0.

గోనెసంచిలో పెట్టి కాటాకు వేలాడదీస్తే ఒక్కోటి మనిషిలా అరుస్తుంది. ఏ గదిలో నాలుగు పారుకుంటున్నాయి. బి గదిలో నాలుగు. పేడకు నేను మార్కులు వేస్తాను. గట్టిగా ఉంటే సున్నా, నీళ్ళయితే మూడు. యూనివర్సిటీ ఫస్టు వచ్చిన అమ్మాయివి, ఇదా నీ పని అని మావయ్య ఫోన్‌లో అన్నాడు. ఈ కాలమ్ మాత్రం నేను కళ్ళతో చూసి రాస్తున్నాను.

డిసెంబరు 5

బుడ్డోడికి స్కోరు 3. వరసగా మూడో రోజు. గున్నమ్మ వాడిని ఒళ్ళో పెట్టుకొని పాత లుంగీతో తుడుస్తోంది. తల్లి నుంచి తీసీసిన పిల్లలంటే బాలెంత బిడ్డలే, సల్లంది తగలకూడదు, గాలి తగలకూడదు అంది. గదికి గోనెపట్టాలు కట్టింది. మంచి పనే. రిజిస్టర్‌లో రాశాను.

37.

డిసెంబరు 9, సోమవారం

రెండో వారం. ఏ గది 9.6. బి గది 9.7.

సార్ ఫోన్ చేశారు. మిగతా ఫారాల్లో రెండు వారాలకే తేడా కనిపించింది, ఇక్కడ ఎందుకు లేదన్నారు. అంతా ప్రోటోకాల్ ప్రకారమే జరుగుతోందా అని అడిగారు. యెస్ సార్ అన్నాను.

ఆ రెండు మాటలు అనడానికి మాత్రం సిగ్గు అడ్డం రాలేదు.

డిసెంబరు 12, గురువారం

సార్ చెప్పకుండా వచ్చారు. కూర్చోకుండానే గున్నమ్మను అడిగారు, పొడి ఏం చేస్తున్నావని. ఏటి సేస్తాను బాబూ, ఏస్తన్నాను అంది. ఖాళీ ప్యాకెట్లు తెచ్చి చూపించింది. కడిగి, తీగకు గుచ్చి దాచింది. పద్దెనిమిది. లెక్క సరిపోయింది. ఖాళీ ప్యాకెట్ ఏం చెబుతుంది, పొడి ఎక్కడికి పోయిందో చెబుతుందా అన్నారు సార్. జాలిపడి బి గదికి కూడా వేస్తున్నావు, లేకపోతే బయట ఎవరికో ఇస్తున్నావు, రెంటిలో ఏదో ఒకటి అన్నారు.

గున్నమ్మ మొహం ఎండుచేపలా బిగుసుకుపోయింది. ఓలమ్మ, ఎయ్యొద్దన్నారని గరిట కూడా ఏరే పెట్టినాను బాబూ, ఆ గది గరిట ఈ గదిలో ముట్టనేదు అంది. కొండబాబు గారు గట్టిగా, ఒసే గున్నమ్మా, నిజం సెప్పీ, నా పరువు తీయకు అన్నారు. ఈ ట్రయల్ బాగా జరిగితే కంపెనీ ఆయన ఫారాన్ని నలుగురికీ చూపిస్తుందని ఆయన ఆశ. ఆ బావ కూడా వచ్చి చూస్తాడని.

సార్ నా వైపు తిరిగారు. ఆవిడ కలపడం నువ్వు చూశావా అని అడిగారు.

నేను వచ్చేసరికి ఎనిమిదవుతుంది సార్ అన్నాను. నిజమే. సగం.

మనిషిని మారిస్తేనే ట్రయల్ ఇక్కడ ఉంటుందన్నారు సార్. సోమవారం సాయంత్రానికి టెక్కలి నుంచి ఒకడొస్తాడు, సోమవారం పొద్దుటి మేత పెట్టీసి గది ఖాళీ సెయ్యి అన్నారు కొండబాబు గారు. గున్నమ్మ తీగను మళ్ళీ మేకుకు తగిలించింది.

నేను రిజిస్టర్ గుండెకు ఆనించుకొని గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ దొంగ కాదని నాకు తెలుసు. ఎలా తెలుసో ఆలోచించాలి. పొడి వేస్తోంది, అయినా పొడి పని చేయడం లేదు. ఆలోచించడానికి భయంగా ఉంది.

డిసెంబరు 13, శుక్రవారం

బొబ్బిలి నుంచి ఐదింటికి బయలుదేరే పాలవ్యాన్‌లో వెళ్ళాను. అమ్మ ఎందుకని అడిగింది. ల్యాబ్ అన్నాను. మంచులో రోడ్డు కనబడలేదు. ఆరు కాకముందే చేరాను.

పొయ్యి మీద పెద్ద గుండిగ. చోడిపిండి, అంటే రాగులే, నూకలు, తవుడు, ఎండు కవ్వళ్ళ చేపల పొడి. అంబలిలో బుడగలు వస్తున్నాయి. గున్నమ్మ ముందు బి గది వాటా వేరే బకెట్‌లోకి తీసింది, వేరే గరిటతో. తరవాత ప్యాకెట్ చింపి, పొయ్యి మీద ఉన్న గుండిగలోనే పొడి పోసి, మూత పెట్టింది. కింద ఇంకో పుల్ల తోసింది.

గోరువెచ్చగా ఉందా అని అడిగాను. పద్దెనిమిది రోజులుగా అడుగుతున్న మాటే. ఆవిడ మూత తీసి, చూపుడువేలు సగం దాకా ముంచి, ఆఁ, గోరెచ్చగే ఉన్నాది, ఇంకొంచెం ఉడకనీ, మందు దిగుతాది అంది.

నేనూ వేలు పెట్టాను.

బొబ్బ ఎక్కింది. గున్నమ్మ నా చెయ్యి లాగి చన్నీళ్ళ తొట్టెలో ముంచి, పుస్తకం సేతులు, మెత్తటి సేతులు, నిన్నెవరు పెట్టమన్నారే గుంటా అని తిట్టింది. తన అరచేయి చూపించింది. ఉప్పులో, ఎండలో చేపలు తిరగేసిన చెయ్యి, హాస్టల్లో గుండిగలు దించిన చెయ్యి. గీతలు కూడా సరిగా లేవు. ఆ చేతికి వేడి తెలియదు. ఆవిడ నాకు ఒక్కరోజు కూడా అబద్ధం చెప్పలేదు.

చెప్పింది నేను. అంకెల్లో.

అప్పుడే చెప్పి ఉండాలి. పొడిలో బతికున్నవి ఉంటాయి, ఉడికిస్తే చస్తాయి అని. రెండు వాక్యాలు. చెబితే ఎందుకు ఇన్నాళ్ళు చెప్పలేదని అడుగుతుంది. ఆ ప్రశ్న కోసం నోరు మూసుకున్నాను. రిజిస్టర్ తెరిస్తే వేలు మండింది. ఉష్ణోగ్రత కాలమ్ ఖాళీగా వదిలేశాను. ధైర్యమంటే అంత మటుకే.

డిసెంబరు 14, శనివారం

బుడ్డోడు పోయాడు.

నేను వచ్చేసరికి గున్నమ్మ గుంట తవ్వుతోంది. సున్నం, దాని మీద మట్టి. ఎల్లిపోతన్నానని తెలిసీసినాది ఈడికి అంది. ఏడవలేదు. చేతులు కడుక్కొని మిగతావాటికి నీళ్ళు పెట్టింది.

పొడి సరిగా అందితే బతికేదేమో. బతికేది కాదేమో. పిల్లలు పొడి తిన్నా పోతాయి, అందుకే పన్నెండు పెడతారు. నాకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

ఈ పొద్దున కూడా పొయ్యి మీదే ఉడికి ఉంటుంది. నిన్న చెప్పి ఉంటే ఉడికేది కాదు.

డిసెంబరు 15, ఆదివారం

ఈ రోజు ఫారంకి వెళ్ళలేదు. రిజిస్టర్ ఇంటికి తెచ్చుకొని, స్కేలు పెట్టి కొట్టివేత గీతలు గీశాను. నవంబరు 26 నుంచి డిసెంబరు 12 దాకా, పదిహేడు 37లు. ఒక్కోదాని పక్కన: చూడలేదు. చివర ఒక వాక్యం: 13న చూశాను, మరుగుతున్న అంబలిలో కలుపుతున్నారు, తప్పు నాది.

కాన్వెంట్‌లో కొట్టివేత ఉంటే సిస్టర్ పేజీ అంతా మళ్ళీ రాయించేది. అందుకే నా పుస్తకాలు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి. శుభ్రంగా రాయడమంటే నిజం రాయడమని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో.

అమ్మ అడిగింది, ఏమిటన్ని గీతలని. ల్యాబ్ పని అన్నాను.

డిసెంబరు 16, సోమవారం

నోటితో చెప్పక్కర్లేకుండా రిజిస్టర్ చేతికిస్తే సరిపోతుందనుకున్నాను. బస్సులో అంతా అదే ప్లాను.

గున్నమ్మ మూట గది బయట ఉంది. ఒక చాప, ఒక డబ్బా, దుప్పటి. ప్యాకెట్ల తీగ కూడా మూటకే కట్టుకుంది. ఎందుకో.

మూడో వారం బరువులు చూడటానికి సార్ వచ్చారు. రిజిస్టర్ ఇచ్చాను. నిలబడి చదివారు. తరవాత మేతబస్తా మీద కూర్చుని మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీశారు. ఇంగ్లీషులో, మెల్లగా, మిగతా కాలమ్‌లు కూడా ఇలాగేనా అని అడిగారు. బరువులు, స్కోర్లు నేను చూసినవే అన్నాను. నేనూ ఇంగ్లీషులోనే. ట్రయల్ పోయింది, నేనిప్పుడు ఆఫీసులో ఏం చెప్పాలన్నారు. కోపంగా కాదు. అలిసిపోయిన మనిషిలా.

కొండబాబు గారు ఇద్దరి మొహాలూ చూసి, ఏటి సార్, ఏటంటన్నాది ఆ అమ్మాయి అని అడిగారు. సార్ ఏమీ లేదు, చిన్న రికార్డు ప్రాబ్లం అన్నారు. అని నా వైపు చూశారు. నన్ను కాపాడుతున్నారని అర్థమైంది. ఇంగ్లీషులో అయిపోయిన సంగతి ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. ఆవిడ మూట ఎత్తుకొని బస్టాపుకి వెళ్ళిపోతుంది. నేను ఇంకెక్కడో ఇంకో రిజిస్టర్ రాసుకుంటాను. గున్నమ్మ అప్పటికే చాప చంకన పెట్టుకుంది.

గున్నమ్మ దొంగ కాదు అన్నాను. తెలుగులో. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ప్రతి ప్యాకెట్టూ ఏ గదికే వేసింది. వేడిలో వేయకూడదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పారు. నేను చూడకుండానే చూశానని రాశాను. అంతే. ఇంకా ఏదో అనాలి గాని అంతవరకే వచ్చింది.

కొండబాబు గారు ముందు నవ్వారు. అంటే మూడు వారాలూ మందుని పులుసు పెట్టినామా అన్నారు. ఎవరూ నవ్వకపోతే ఆపేశారు. టెక్కలి మనిషికి ఫోన్ చేసి, రావద్దురా, ఇక్కడ పని నేదు అని చెప్పారు. తరవాత గున్నమ్మతో, ఒసే, ఆ మూట లోపలెట్టు, పందులు సూస్తన్నాయి అన్నారు. క్షమించమనడం ఆయన భాషలో అదే కాబోలు. సార్ ఆవిడతో ఏమీ అనలేదు. నాతో మాత్రం, రేపటి నుంచి రావద్దు, మిగిలిన ప్యాకెట్లు తిరిగి తీసుకోము, వాడుకుంటారో పారేస్తారో మీ ఇష్టం అన్నారు. కారు వెళ్ళిపోయింది.

గున్నమ్మ థాంక్స్ చెబుతుందేమో, ఏమనాలో అని నేను కంగారు పడుతున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో.

ఆవిడ మూట విప్పుతూ అడిగింది, ఆ పొడిలో పేణాలున్నాయా అని. ఉన్నాయన్నాను. ఎన్ని అంది. కోట్లు అన్నాను. మూట విప్పడం ఆపింది. తరవాత, మందన్నారు, మందయితే ఉడికితేనే దిగుతాదనుకున్నాను, అందులో బతికున్నవి ఉన్నాయని ఒక్క ముక్క సెప్పుంటే నాను పొయ్యి మీద పోసీదాన్నేటే అంది. నా సేత్తో ఉడకబెట్టించినారు గదే, రోజూ అంది. నీకు తెలుసు గదా. శుక్రవారం ఏలు కాల్సుకున్నావు గదా. ఆ పూటైనా సెప్పకపోయినావు. బుడ్డోడుండేవోడు అప్పటికి.

అవును అన్నాను.

ఎల్లు, బస్సొస్తాది అంది.

డిసెంబరు 17

ఇంట్లో ఉన్నాను. అమ్మ బకెట్లు నింపలేదు. బస్సులో ఆగిపోయిన ఆ పేజీ దాటి ఇంకో పేజీ చదివాను. ఏముందో గుర్తు లేదు.

ఆరు ప్యాకెట్లు మిగిలి ఉన్నాయి.

డిసెంబరు 18, ఉదయం 6.10

పాలవ్యాన్. గున్నమ్మ ఎందుకొచ్చావని అడగలేదు. గుండిగ కిందికి దించి ఉంది, మూత తీసి ఉంది, ప్యాకెట్ చింపకుండా పక్కన ఉంది. నా చెయ్యి పట్టుకుంది. బొబ్బ ఉన్న వేలు వదిలేసి, చిటికెనవేలు అంబలిలో ముంచింది.

ఇప్పుడే వద్దు అన్నాను. ఆగింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ.

నాలుగోసారి నాకేమీ తెలియలేదు, వేడీ చలీ. నా ఒంటి వేడే. వెయ్యి అన్నాను.